ఓడ పిల్లగాడు

ఆ రోజుల్లో ఆర్మూర్‌లో నన్ను పేరు పెట్టి పిలిచే మనిషి ఒక్కరూ లేరు గానీ, వేరే లోకాల్లో మాత్రం నాకు బోలెడంతమంది ఆప్తులుండేవాళ్లు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడది నవ్వే సంగతి కాదు. మాది ఖమ్మం. కంటి పరీక్షల కోర్సు చదివి, మొదటి ఉద్యోగానికి ఆర్మూర్‌లో ఒక చిన్న కంటి దవాఖానలో చేరాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చీకటి గదిలో కూర్చుని, ఎదురుగా గోడ మీద వెలిగే అక్షరాల్ని జనంతో చదివించడం నా పని. "ఇప్పుడు బాగా కనబడుతోందా, ఇందాక బాగా కనబడిందా?" అన్న ప్రశ్న తప్ప రోజంతా నేను ఎవరితోనూ ఏమీ మాట్లాడేదాన్ని కాదు. పసుపు సీజన్‌లో కొమ్ములు పాలిష్ పట్టే చోటు నుంచి ఎర్రబడ్డ కళ్లతో రైతులు వరసగా వచ్చేవాళ్లు. వాళ్లు లేచిపోయాక కుర్చీ మీద సన్నగా పసుపు పొడి మిగిలేది. సాయంత్రానికి నా తెల్లకోటు కూడా నలుగు పెట్టినట్టు పచ్చగా అయ్యేది (ఆ వయసులో నాకొచ్చిన పెళ్లికళ అంతే).

గది మార్కెట్ యార్డు వెనక వీధిలో, ఒక మేడ మీద. కింద ఇంటివాళ్లుండేవాళ్లు. ఇంటావిడను వీధంతా దుబాయక్క అనేది. నిజానికి వాళ్లాయన పనిచేసేది మస్కట్‌లో, కానీ మా వీధిలో సముద్రం దాటినవాడు ఎక్కడ దిగినా అది దుబాయే. ఆమెకు నలభై దాటి ఉంటాయి. ఒక్కగానొక్క కూతురు పెళ్లయి భీమ్‌గల్‌లో ఉండేది. పొద్దస్తమానం ఒళ్లో చాట పెట్టుకుని వాకిట్లో బీడీలు చుడుతూ ఉండేది దుబాయక్క. పక్కనే గోడకానుకుని ఆమె అత్త. కళ్లకు పొరలొచ్చిన ఆ ముసలామెను అందరూ అవ్వ అనేవాళ్లు. నేను మెట్లెక్కేటప్పుడు దుబాయక్క "వచ్చినవా?" అనేది, నేను "వచ్చానక్కా" అనేదాన్ని. కొన్ని నెలల పాటు మా మధ్య నడిచిన సంభాషణ మొత్తం అదే.

మేడ మీదికి వెళ్లి తలుపేసుకున్నాక నా అసలు బతుకు మొదలయ్యేది. నేను చదివేవి ఇంగ్లీషు నవలలు. అవి కూడా కాలేజీ పిల్లల కోసం రాసినవి. చందమామ మీద కాలనీలు, పున్నమికి తోడేళ్లుగా మారే అందగాళ్లు, వందేళ్లు బతికినా పదిహేడు దాటని పిశాచాలు (అంతకాలం బతికినవాళ్లు పరీక్షలకు ఎందుకు చదువుతారో నాకెప్పుడూ అర్థం కాలేదు, కానీ ఆ ప్రశ్న వేసుకుంటే నవల ముందుకు సాగదు). కొత్తది ఏదొచ్చినా ఆన్‌లైన్‌లో తెప్పించి, అట్ట మీద గాలికెగిరే గౌను వేసుకున్న అమ్మాయి బొమ్మ కనబడకుండా పేపరు చుట్టి దవాఖానకు పట్టుకెళ్లేదాన్ని. మా డాక్టరమ్మ ఒకసారి చూసి "పై చదువుకా? గుడ్" అంది. నేను తలూపాను. మధ్యలో విసుగు పుడితే డాబా మీద నిలబడి సిద్ధులగుట్ట వైపు చూసేదాన్ని. ఆ నల్లరాళ్ల గుట్ట సాయంత్రపు ఎండలో భూమ్మీదిది కానట్టే ఉండేది. కాసేపు అలా చూస్తే నేనున్నది కూడా ఏదో గ్రహం మీదేననీ, నన్ను తీసుకుపోవాల్సిన ఓడ దారి తప్పిందనీ అనిపించేది.

అలాంటి రోజుల్లో నా చేతికి ఒక మూడు భాగాల నవల మొదటి భాగం వచ్చింది. మనుషులు ఒక పెద్ద అంతరిక్ష ఓడలో ఎక్కి కొత్త నేల వెతుక్కుంటూ పోతుంటారు. అందులో ఒక ఎర్రజుట్టు అమ్మాయి, ఇంజన్ దగ్గర పనిచేసే ఒక అబ్బాయి. భాగం చివర్న ఓడకు చిల్లు పడితే అందర్నీ కాపాడటానికి ఆ అబ్బాయి లోపలుండి తలుపు మూసేసుకుని, గాలాడక చనిపోతాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ పేజీలు చదువుతూ నేను మామూలుగా ఏడవలేదు. ఇంట్లో అమ్మ లేదు, పక్కన స్నేహితురాలు లేదు, సిగ్గుపడాల్సిన అవసరమే లేదు కదా అని గొంతెత్తి ఏడ్చాను. (అందులో సగం ఆ అబ్బాయి కోసం కాదని నాకూ తెలుసు.) ఎవరో తలుపు దబదబా బాదారు. తీస్తే దుబాయక్క, ఆకు కత్తిరించే కత్తెర చేతిలోనే ఉంది.

"ఏమైంది పిల్లా? గట్ల ఏడుస్తున్నవేంది? ఇంటికాడ ఎవలకన్న ఏమన్న అయ్యిందా?"

నేను తల అడ్డంగా ఊపి, వెక్కిళ్ల మధ్య "చనిపోయాడక్కా" అన్నాను.

"అయ్యో! ఎవలు?"

"ఓడలో... అబ్బాయి..."

ఇంకేదో చెప్పబోయేలోపే ఆమె నన్ను దగ్గరికి తీసుకుని వీపు నిమిరింది. ఆర్మూర్ వచ్చాక నన్నొక మనిషి ముట్టుకోవడం అదే మొదలు. దాంతో ఉన్న ఏడుపు రెట్టింపైంది. ఆమె మెల్లగా నన్ను మంచమ్మీద కూర్చోబెట్టి కిందికి వెళ్లి, నేను గదిలో చేరినప్పుడు ఇచ్చిన నంబరు వెతికి, మా అమ్మకు ఫోన్ చేసింది. కాసేపటికి నా ఫోన్ మోగింది.

"ఎవడే వాడు?" అంది అమ్మ.

"ఎవడమ్మా?"

"ఓడలో పనిచేసేవాడట కదా! మర్చంట్ నేవీనా? ఎన్నాళ్లుగా నడుస్తోంది? మనవాళ్లేనా? పోయినవాడి గురించి అలా అడక్కూడదు గానీ, మంచి ఉద్యోగమేనా?"

"అమ్మా, అది పుస్తకం."

"ఏ పుస్తకం?"

"కథల పుస్తకం. అందులో అబ్బాయి."

అమ్మ "ఉద్యోగం చేస్తున్నావు, సిగ్గు లేదూ?" అని పెట్టేసింది. ఆమె గొంతులో ఊరట కంటే నిరాశే ఎక్కువ వినబడింది. పోయినవాడైనా సరే, అల్లుడి లాంటి వాడొకడు ఉన్నాడని ఆ కాసేపూ ఆశపడినట్టుంది.

మొహం కడుక్కుని కిందికి వెళ్లి, చేతులు నలుపుకుంటూ దుబాయక్కకు జరిగింది చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె నోరు తెరిచేలోపే గోడ దగ్గర్నుంచి అవ్వ అడిగింది, "మరి పిల్లగాడు సచ్చిండంటే కత ఒడ్సినట్టేనా?"

"లేదవ్వా. ఇంకా రెండు భాగాలున్నాయి. అతని ప్రాణం ఓడ కంప్యూటర్లోకి వెళ్లిపోయి, అక్కణ్నుంచి మాట్లాడతాడట. ఇప్పుడే ఫోన్లో చూశాను."

"అంటే దయ్యమైండు."

"దయ్యం కాదవ్వా..."

"సచ్చినోడు మాట్లాడితే దయ్యం గాక పోస్ట్‌మాస్టరా?"

దుబాయక్క నవ్వి, పక్కకు జరిగి, నాకు పీట వేసింది. "జర మంచిగ చెప్పు. మిషిన్ల ఉంటే ఎట్ల మాట్లాడుతడు?" అంది. నేను చెప్పాను. ఓడలో గోడలకు తెరలుంటాయి, ఆ తెరల మీద అతని మొహం కనబడుతుంది, మాట వినబడుతుంది, రోజూ ఆ అమ్మాయితో కబుర్లు చెబుతాడు, కానీ ముట్టుకోవడానికుండదు. ఆమె దారం చుడుతున్న వేళ్లు ఆగాయి.

"అంటే వీడియో కాల్ మొగడన్నట్టు" అంది.

నేను పకపకా నవ్వాను. ఆమె నవ్వలేదు. బీడీ మూతి మడిచి చాటలో వేసి, "ఊఁ, చెప్పు" అంది.

అలా మొదలైంది. దవాఖాన నుంచి వచ్చి మొహం కడుక్కుని కింద పీట మీద కూర్చునేదాన్ని. నేను చదివినంత వరకు తెలుగులో చెప్పాలి. ఆ కథ ఆర్మూర్ వాకిట్లోకి వచ్చేసరికి దాని రూపే మారిపోయింది. హీరో పేరు ఎవరికీ నోరు తిరగలేదు కాబట్టి అతను 'ఓడ పిల్లగాడు' అయ్యాడు. ఓడ కెప్టెన్ సూపర్‌వైజర్ అయ్యాడు. బయట గాలి లేని, ఇనుప గోడల మధ్య అందరూ కలిసుండే ఆ బతుకు గురించి నేను కష్టపడి వర్ణించబోతే దుబాయక్క "మస్కట్ల మా ఆయనుండే క్యాంపన్నట్టు, సమజైంది, ముంగటికి నడువు" అనేది. ఎర్రజుట్టు అన్నప్పుడు అవ్వ "గోరింటాకు పెట్టిందా?" అని అడిగింది. పుట్టుకతోనే అంతని చెప్తే పిల్లకు ఏదో లోపముందని జాలిపడింది. ముద్దు సీన్లు నేను దాటేసేదాన్ని, కానీ అవ్వ పట్టేసేది. "గడబడ చేస్తున్నవ్ బిడ్డా. నడుమ ఏదో మింగినవ్." దుబాయక్క తలెత్తకుండా ముసిముసిగా నవ్వేది.

నాకు ఆమె సంసారం అర్థమైంది మాత్రం శుక్రవారాలు. శుక్రవారం అక్కడ సెలవు. నేను మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చే వేళకు ఆయన ఫోన్ చేసేవాడు. ఆమె అప్పటికి చీర మార్చుకుని, ఫోన్ని బియ్యం డబ్బాకు ఆనించి పెట్టుకునేది. "తిన్నవా?" "తిన్న. నువ్వు తిన్నవా?" "తిన్న. అమ్మ తిన్నదా?" "తిన్నది." ఆ తర్వాత ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఊరికే ఉండేవాళ్లు. ఆయన వెనక ఒకదాని మీద ఒకటి ఇనుప మంచాలు, ఆరేసిన బనీన్లు. "సెలవు ఇస్తడా?" "అడిగిన. చూద్దమన్నడు." "సరే మరి, పెట్టెయ్." ఏళ్ల తరబడి దూరంగా ఉన్న ఇద్దరు మనుషులకు మాటలు ఎలా అయిపోతాయో నేను మెట్ల మీద కూర్చుని, పెరుగన్నం కలుపుకుంటూ వినేదాన్ని. వాళ్లు పోట్లాడుకున్నా బాగుండుననిపించేది.

ఒక శుక్రవారం "అమ్మ తిన్నది" అయిపోయాక ఆమె ఊరుకోకుండా "ఒక ముచ్చట చెప్తా ఇను" అని మొదలుపెట్టింది. ఓడ పిల్లగాడి ముచ్చట. నాకంటే బాగా చెప్పింది. నేను చెప్పని సంగతులు కూడా చెప్పింది. ఆయన మొదట "ఏం కతలే ఇవి!" అన్నాడు, కాసేపటికి "గప్పుడేమైంది?" అన్నాడు. ఆ తర్వాతి శుక్రవారం ఫోన్లో ఆయన పక్కన ఇంకో తల కనబడింది. ఆ పై వారానికి రూములో ఉన్న మగవాళ్లంతా లుంగీల మీద వచ్చి తెరలోకి తొంగి చూస్తున్నారు. ఎవరో వెనక నుంచి "వదినా, గా సూపర్‌వైజర్ మంచోడు గాదు, పిల్లకు చెప్పుండ్రి" అని అరిచాడు. ఆమె కొంగు సర్దుకుని, నవ్వాపుకుంటూ, "ఆగుండ్రి, వస్తున్న" అంటూ గంటసేపు మాట్లాడింది. ఫోన్ పెట్టేశాక ఆమె మొహం చూసి అవ్వ (ఆమెకు సరిగా కనబడదు, అయినా ఎలాగో చూసేది) "ఇయ్యాల్ల బువ్వ మంచిగ ఉడికినట్టుంది" అంది.

రెండో భాగం అన్యాయమైన చోట ఆగిపోయింది. ఓడలో కరెంటు తగ్గిపోతోంది. కంప్యూటర్ని ఆపేస్తే జనమంతా కొత్త నేల చేరతారు, కానీ ఓడ పిల్లగాడు శాశ్వతంగా పోతాడు. ఆపకపోతే దారిలో అందరికీ ప్రమాదం. మీట ఆ అమ్మాయి చేతిలో ఉంది. అక్కడికి అయిపోయింది. మూడో భాగం ఇంకా అచ్చవ్వలేదని చెప్తే దుబాయక్క నా మాట నమ్మలేదు. "దాసిపెట్టినవా?" అంది. అవ్వ ఆ రాసినామెను శాపనార్థాలు పెట్టింది. మస్కట్ నుంచి వారం వారం "బుక్కు వచ్చిందా?" అని కబురు. ఎర్రటి కళ్లతో వచ్చే రైతులకు అక్షరాలు చూపిస్తూనే నేను మధ్యమధ్యలో ఫోన్ తీసి చూసుకునేదాన్ని, సముద్రం అవతల ఒక రూముకు రూమే నా పార్సిలు కోసం ఎదురు చూస్తోందని గర్వంగా ఉండేది. జీవితంలో నేను అంత అవసరమైన మనిషిని ఎప్పుడూ కాలేదు.

చివరికొక సాయంత్రం వచ్చేసరికి పార్సిలు వచ్చి ఉంది. కొరియర్ అతని దగ్గర దుబాయక్కే తీసుకుని, దేవుడి గూట్లో పెట్టి, దాని మీద ఇంత కుంకుమ కూడా పెట్టింది. ఆ ఆదివారం నేను తలుపేసుకుని ఒక్క ఊపులో చదివేశాను. చదివాక కిందికి దిగబుద్ధి కాలేదు. ఓడ పిల్లగాడే ఆ అమ్మాయిని అడుగుతాడు, ఆపెయ్యమని. నీ చేత్తోనే ఆపెయ్యమని. ఆమె ఆపేస్తుంది. ఓడ దిగుతుంది, ఆమె జనంతో కలిసి గడ్డిలో నడిచి వెళ్లిపోతుంది. అంతే. మంచి నవల. ఎంత మంచి నవలో అంత కోపమొచ్చింది దాని మీద. ఇంకా పూర్తి కాలేదని ఒకటి రెండు రోజులు నెట్టుకొచ్చాను. "ఆఖరి పేజీ కాడ మలిచిపెట్టినవ్ గద పిల్లా" అని దుబాయక్క పట్టేసింది. ఇక తప్పక పీట మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. చివరికి వచ్చేసరికి నా నోట్లోంచి దానంతట అదే ఇంకోటి వచ్చింది. "అప్పుడు డాక్టర్లు వచ్చి..."

"ఆగు" అంది అవ్వ. "గొంతు మారింది. ఉన్నది చెప్పు."

ఉన్నది చెప్పాను. దుబాయక్క పంటితో దారం తెంపింది.

"వాడే ఆపమన్నడా?"

"అవునక్కా."

"మంచిగ చేసిండు. పిల్ల అన్న జర బతుకుతది." లేచి చాట పక్కన పెట్టింది. గడప దాకా పోయి, వెనక్కి తిరగకుండా, "నేనైతే ఆపేదాన్ని గాదు" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం మళ్లీ చాట ముట్టుకోలేదు.

శుక్రవారం నేను అన్నం పళ్లెం పక్కన పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను. ఫోన్లో మగవాళ్లంతా కిక్కిరిసి ఉన్నారు. ఎవరో నేల మీద కూర్చోమని ముందువాళ్లను కసురుతున్నాడు. దుబాయక్క గొంతు సవరించుకుంది. ఓడలో కరెంటు తగ్గడం, పిల్ల ఏడవడం, సూపర్‌వైజర్ బెదిరించడం, అన్నీ పుస్తకంలో ఉన్నట్టే చెప్పింది.

"గప్పుడు పిల్ల మీట మీద చెయ్యి పెట్టింది గని ఒత్తలే. ఒక్కదినం ఆగుదమన్నది. గా ఒక్కదినంలనే నేల దొరికింది. దిగంగనే డాక్టర్లు వచ్చి పిల్లగాన్ని మిషిన్లకెల్లి బయటికి తీసిండ్రు. కాళ్లు జర వణికినయట, ఎన్నొద్దులాయె నడువక! గంతే, ఏం గాలే."

ఫోన్లోంచి ఈలలు. ఎవరో పళ్లెం మీద దరువేశాడు. "లగ్గమైందా వదినా?"

"అయ్యింది. మస్తు గొప్పగ అయ్యింది."

"బువ్వకేం పెట్టిండ్రు?"

"మటన్" అంది దుబాయక్క తడుముకోకుండా. ఆమె మొగుడు మాత్రం ఈల వెయ్యలేదు. నవ్వుతూ ఆమెనే చూస్తున్నాడు.

ఫోన్ పెట్టేసి బయటికొచ్చి నన్ను చూసింది. "గట్ల చూడకు. ఆడ అందరు ఒక్క రూముల పడుకుంటరు. పొద్దుగాల లేసి ఎండల పనికి పోవాలె. వాళ్లకెందుకు గా ముచ్చట?" అని, నా పళ్లెం వైపు చూసి, "తిను, సల్లారింది" అంది.

ఆ ఎండాకాలంలో ఆయనకు సెలవు దొరికింది. ఫోన్లో చూసి పెద్ద మనిషనుకున్నాను గానీ, వచ్చింది చిన్నగా, బక్కగా, జుట్టుకు కొత్తగా రంగు వేసుకున్న మనిషి. ఇల్లంతా అత్తరు వాసన. వచ్చిన కొత్తలో ఇద్దరూ ఒకరికొకరు ఎదురుపడితే పక్కకు తప్పుకునేవాళ్లు, కొత్త పెళ్లివాళ్లలాగా. ఒక సాయంత్రం నేను డాబా మీద చదువుకుంటుంటే ఆయన ఖర్జూరాల డబ్బా పట్టుకుని పైకొచ్చి, దాన్ని గోడ మీద పెట్టి, కాసేపు గుట్ట వైపు చూశాడు.

"ఒక మాటడుగుత అమ్మా. గా పిల్లగాడు నిజంగ పోయిండు గదా?"

నేను తలెత్తి, ఎలా తెలిసిందన్నట్టు ఆయన వైపు చూశాను.

"మా రూముల కేరళాయన ఒగలున్నరు. ఇంగ్లిష్ వస్తది. గదే దినం సాయంత్రం ఫోన్ల చూసి చెప్పిండు. పుస్తకంల గట్ల లేదు అని."

"మరి అక్కకు..."

"చెప్పలే. ఎట్ల చెప్త? గంత మంచిగ చెప్పింది. లగ్గం గూడ చేసె" అని నవ్వాడు. "రూముల అందరికి ఒట్టు పెట్టిన, ఎవలు ఫోన్ల నోరు ఇప్పొద్దని. నువ్వు గూడ అనకు."

కింద నుంచి దుబాయక్క గొంతు, "ఏమయ్యో, చాయ్ సల్లారుతుంది!" ఆయన చెప్పులు వేసుకుని గబగబా దిగిపోయాడు. అప్పుడు నా చేతిలో ఉన్న కొత్త నవలలో ఒక తోడేలు అబ్బాయి ప్రేమను నిరూపించుకోవడానికి కొండ మీద నుంచి దూకబోతున్నాడు. ఎందుకో అతని మీద చిరాకేసి పుస్తకం మూసేశాను.

ఆయన ఉన్నన్నాళ్లూ నన్నెవరూ కథ అడగలేదు. అడగకపోవడమే న్యాయం. సాయంత్రం వచ్చేసరికి వాకిట్లో వాళ్లిద్దరూ ఒకే చాట దగ్గర కూర్చుని మాట్లాడుకుంటూ ఉండేవాళ్లు. నా పీట గోడకు నిలబెట్టి ఉండేది. "వచ్చినవా?" అంటే "వచ్చానక్కా" అని పైకి వెళ్లిపోయేదాన్ని. వాళ్లను చూస్తే సంతోషంగానే ఉండేది. మేడ మీద గది మాత్రం అంతకు ముందు కన్నా పెద్దదైపోయినట్టుండేది. ఆయన తిరిగి మస్కట్ వెళ్లిన కొద్దిరోజులకే నాకు హైదరాబాద్‌లో పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. వెళ్లేటప్పుడు దుబాయక్క నన్ను పట్టుకుని ఏడ్చింది. అవ్వ నా చెయ్యి తడిమి "ఈసారి మంచిగ ఒడిసే కతలు సదువు బిడ్డా" అంది.

అవ్వ మాట నేను వినలేదు. ఇప్పటికీ అవే నవలలు. చెవుల దగ్గర నెరిసిన వెంట్రుకలున్న మనిషి అట్ట మీద తోడేలు బొమ్మున్న పుస్తకం చదువుతుంటే ఆసుపత్రిలో జూనియర్ పిల్లలు ఒకర్నొకరు మోచేత్తో పొడుచుకుంటారు. నేనిప్పుడు పేపరు చుట్టడం మానేశాను. అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాటు వాళ్ల పేరు నాకు తెలియదు, నా పేరు వాళ్లకు తెలియదు. కొత్త నవల ఏదైనా పూర్తయిన సాయంత్రం, చాయ్ పెట్టుకుంటూ, "గప్పుడేమైందంటే..." అని పైకే అనేస్తాను. ఈ భాష నాది కాదు, వినేవాళ్లూ లేరు. అయినా నా గుట్టంతా తెలిసిన స్టవ్ ముందు నిలబడి, ముద్దు సీను మాత్రం మింగేసి, మిగతాదంతా చెప్పుకుంటూ, ఈ వయసులో నాకిదేం పిచ్చని నాలో నేనే నవ్వుకుంటాను.